అల్లుడు అమెరికాలో, అమ్మాయి విజిటర్ వీసాపై: కాపురానికి అర్జీ ఎక్కడ వేయాలి?

మార్కాపురం: ఈ పడమటి ప్రాంతంలో ఒకప్పుడు సంబంధం మాట్లాడుకునేటప్పుడు కంభం చెరువు కింద ఎన్ని ఎకరాలుంది, పలకల గనిలో ఎంత వాటా ఉంది అని అడిగేవారు. ఇప్పుడు అబ్బాయికి ఏ వీసా ఉంది, ఏ కార్డు ఉంది అని అడుగుతున్నారు. కరువుకు అలవాటు పడిన ఊళ్ళ పిల్లలు ఇంజనీరింగు చదివి, హైదరాబాదు, బెంగళూరు దాటి డాలస్, న్యూజెర్సీ దాకా చేరుకున్నారు. గిద్దలూరులోనూ కొమరోలులోనూ, రాచర్లలోనూ తర్లుపాడులోనూ అమెరికా సంబంధం ఇప్పుడు వింత కాదు.

పెళ్ళి అయిపోతుంది. అల్లుడు సెలవు అయిపోయి విమానమెక్కుతాడు. అమ్మాయి పుట్టింట్లో ఉంటుంది. అక్కడినుంచి ఇంట్లో ఒకటే చర్చ. "విజిటర్ వీసా తీసుకుని పంపించండి మామా, అక్కడికి పోయాక కార్డు సంగతి వాళ్ళే చూసుకుంటారు" అని ఒకరంటారు. "ఆ పని చేయొద్దు, ఇక్కడినుంచే అర్జీ పెట్టండి, ఏడాది ఆలస్యమైనా నయం" అని ఇంకొకరంటారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. ఎవరి మాట ఎప్పుడు చెల్లుతుందో తెలియకపోతే మాత్రం డబ్బు పోతుంది, కాలం పోతుంది, ఒక్కోసారి పదేళ్ళపాటు ఆ దేశపు గుమ్మం తొక్కే వీలే పోతుంది.

అబ్బాయి ఇక్కడుండి అమ్మాయి అక్కడున్నా నియమాలు ఇవే.

ముందుగా అడగవలసిన ప్రశ్న

ఎక్కడ అర్జీ వేయాలన్నది తేలాలంటే ముందు అల్లుడి హోదా తేలాలి. "అమెరికాలో స్థిరపడ్డాడు" అన్న మాట చాలదు. మూడు రకాల వాళ్ళు ఉంటారు.

మొదటి రకం అమెరికా పౌరుడు. అతని భార్య ఆ దేశ చట్టం దృష్టిలో అతి దగ్గరి బంధువు. ఇలాంటి వారికి ఏడాదికి ఇన్ని వీసాలే అన్న లెక్క లేదు, క్యూ లేదు. కాగితాల పరిశీలనకు పట్టే కాలం పడుతుంది, అంతే.

రెండో రకం గ్రీన్‌కార్డు ఉన్నవాడు. అతను కూడా భార్య కోసం అర్జీ పెట్టవచ్చు. అయితే ఈ వర్గానికి ఏటా ఇన్నేనని పరిమితి ఉంది. ఏ తేదీన అర్జీ పెట్టినవాళ్ళ వంతు వచ్చిందో అమెరికా విదేశాంగ శాఖ ప్రతి నెలా వీసా బులెటిన్‌లో ప్రకటిస్తుంది. వంతు వచ్చేదాకా ఆగాలి.

మూడో రకం హెచ్-1బి వీసాపై ఉద్యోగం చేస్తున్నవాడు. మన ప్రాంతపు అల్లుళ్ళలో చాలామంది ఈ కోవలోకే వస్తారు. అతనికే ఇంకా శాశ్వత నివాసం లేదు కనుక భార్యకు ఇప్పించలేడు. ఆమెకు దొరికేది హెచ్-4 వీసా. అతను ఉద్యోగం ద్వారా గ్రీన్‌కార్డు క్యూలో ఉంటే, అతని వంతు వచ్చిననాడు ఆమెకూ వస్తుంది. ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న నియమం వల్ల భారతీయులకు ఆ క్యూ పదేళ్ళకు పైనే సాగుతోంది.

సంబంధం కుదుర్చుకునేటప్పుడే ఈ మూడింటిలో ఏదో అడిగి తెలుసుకోవాలి. అడగడం మర్యాద తక్కువేమీ కాదు. పొలం కొనేముందు పాసుపుస్తకం చూడమా?

పౌరుడి భార్యకు రెండు దారులు

అల్లుడు పౌరుడైతే రెండు దారులున్నాయి.

ఒకటి, ఇక్కడినుంచి వెళ్ళే దారి. అల్లుడు అక్కడ ఐ-130 అనే అర్జీ పెడతాడు. ఇది నిజమైన పెళ్ళేనని వలస శాఖ ఒప్పుకున్నాక, ఆ ఫైలు నేషనల్ వీసా సెంటర్‌కు వెళుతుంది. అమ్మాయి డిఎస్-260 ఫారం నింపాలి, కాగితాలన్నీ పంపాలి, డాక్టరు పరీక్ష చేయించుకోవాలి. చివరకు ముంబయిలోని అమెరికా కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ ఉంటుంది. హైదరాబాదులో కాన్సులేట్ ఉన్నా అక్కడ విజిటర్, స్టూడెంట్, ఉద్యోగ వీసాల పనే జరుగుతుంది. వలస వీసా కోసం మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలెక్కి, గుంతకల్లు మీదుగా ముంబయి వెళ్ళవలసిందే. మొత్తం పని సాధారణంగా ఏడాది దాటుతుంది. అయితే ఆ వీసాతో విమానం దిగిన రోజునుంచే అమ్మాయి శాశ్వత నివాసి. మర్నాడే ఉద్యోగానికి వెళ్ళవచ్చు.

రెండోది, అక్కడ ఉండి హోదా మార్చుకునే దారి. అమ్మాయి ఏదో ఒక వీసాపై సక్రమంగా, అధికారి పరిశీలించి అనుమతించాక ఆ దేశంలో అడుగుపెట్టి ఉండాలి. అల్లుడు ఐ-130, అమ్మాయి ఐ-485 కలిపి ఒకేసారి వేయవచ్చు. పని తేలేదాకా ఇద్దరూ ఒక ఇంట్లోనే ఉంటారు. ముంబయి ప్రయాణం లేదు, ఏడాది ఎడబాటు లేదు. అందుకే ఈ దారి చాలామందికి తీపిగా కనిపిస్తుంది.

ఈ రెండో దారి చట్టంలో ఉన్నదే. తప్పుదారి కాదు. చిక్కంతా ఆ దేశంలోకి ఎలా వెళ్ళామన్న దగ్గరుంది.

వీసా కిటికీ దగ్గర చెప్పిన మాట

విజిటర్ వీసా చూసి రావడానికి ఇచ్చేది. అడిగిన ప్రతివారూ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నారనే అమెరికా చట్టం మొదట అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవలసిన భారం మనది. "మా ఆయన్ను చూసి రెండు నెలల్లో తిరిగి వస్తాను" అని అమ్మాయి కాన్సులేట్‌లో చెబుతుంది. విమానాశ్రయంలో అధికారి అడిగితే అదే మాట మళ్ళీ చెబుతుంది. మనసులో మాత్రం ఉండిపోవాలనే ఉంది. దిగిన పదో రోజున గ్రీన్‌కార్డుకు అర్జీ పెట్టింది. అప్పుడు అధికారికి ఏమనిపిస్తుంది? వచ్చేటప్పుడు చెప్పింది అబద్ధమనిపిస్తుంది.

అబద్ధం చెప్పి వీసా పొందినట్టు తేలితే ఆ దేశపు చట్టం ప్రకారం శిక్ష జీవితాంతం ఉంటుంది. ప్రత్యేక మినహాయింపు దొరికితే తప్ప ఇక అమెరికా వీసా ఉండదు. ఆ మినహాయింపు దొరకాలంటే, తాను లేకపోతే భర్త భరించలేనంత కష్టపడతాడని రుజువు చేయాలి. అది సులభం కాదు.

ఇక్కడ ఊళ్ళో ఒక లెక్క ప్రచారంలో ఉంది. "తొంభై రోజులు ఆగి అర్జీ పెడితే ఏమీ కాదు" అంటారు. ఈ తొంభై రోజుల మాట అమెరికా విదేశాంగ శాఖ తన అధికారుల కోసం 2017లో రాసుకున్న సూచన. వచ్చిన తొంభై రోజుల్లోపు చెప్పినదానికి విరుద్ధంగా ప్రవర్తిస్తే అబద్ధమాడినట్టు భావించవచ్చని దాని సారాంశం. తొంభై ఒకటో రోజున పాపం కడిగేసినట్టు అని అందులో లేదు. పైగా అక్కడి వలస శాఖ వేరు. ఆ శాఖ రోజులు లెక్కపెట్టి ఊరుకోదు. వచ్చేటప్పుడు ఉద్దేశం ఏమిటని చూస్తుంది. తిరుగు టిక్కెట్టు ఉందా, ఇక్కడ ఉద్యోగానికి సెలవు పెట్టి వెళ్ళిందా, రాజీనామా ఇచ్చి వెళ్ళిందా, పెట్టెలో చదువు సర్టిఫికెట్లన్నీ ఎందుకున్నాయి అని అడగవచ్చు.

మరి నిజంగానే చూసి రావడానికి వెళ్ళి, అక్కడ పరిస్థితి మారితే? వెళ్ళాక గర్భవతి అని తెలిసింది, ప్రయాణం వద్దని డాక్టరు చెప్పింది. లేదా భర్తకు జబ్బు చేసింది. ఇలాంటప్పుడు అక్కడే అర్జీ పెట్టుకోవడం సబబైన పనే. మారిన పరిస్థితికి ఆధారాలు చూపించాలి. ముందే అనుకుని వెళ్ళడానికీ, వెళ్ళాక మనసు మార్చుకోవడానికీ చట్టం ఆ తేడా చూస్తుంది.

ఇంకో సంగతి. అల్లుడు ఐ-130 పెట్టి ఉన్నాక అమ్మాయి విజిటర్ వీసా అడిగితే, ఆ ఫారంలో "మీ తరఫున ఎవరైనా వలస అర్జీ పెట్టారా?" అన్న ప్రశ్న ఉంటుంది. దగ్గరి బంధువులు అక్కడ ఉన్నారా అని కూడా ఉంటుంది. ఫారం నింపే కుర్రవాడు "లేదు అని రాయండి, సులువవుతుంది" అంటే వినకూడదు. వీసా రాకపోతే మళ్ళీ అడగవచ్చు. అబద్ధం ఒకసారి రికార్డుకెక్కితే చెరగదు.

అక్కడే ఉండి వేస్తే కలిగే కష్టం

ఐ-485 వేసిన నాటినుంచి అమ్మాయి ఆ దేశం దాటి రాకూడదు. రావాలంటే ముందుగా ప్రయాణ అనుమతి పత్రం తీసుకోవాలి. దాన్ని అడ్వాన్స్ పెరోల్ అంటారు. ఆ పత్రం చేతికి రావడానికి నెలలు పడుతుంది. పత్రం లేకుండా బయలుదేరితే అర్జీ వదులుకున్నట్టే లెక్క. హెచ్-4 వంటి కొన్ని వీసాలపై ఉన్నవారికి సడలింపు ఉందిగాని, విజిటర్‌గా వెళ్ళినవారికి లేదు.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఇక్కడ తండ్రికి గుండెనొప్పి వచ్చి కర్నూలు ఆస్పత్రికి తీసుకెళ్ళారనుకోండి. అమ్మాయి రావాలా, వద్దా? వస్తే కార్డు పోతుంది, కట్టిన డబ్బు పోతుంది, మళ్ళీ మొదటికొస్తుంది. రాకపోతే ఆఖరి చూపు దక్కకపోవచ్చు. తమ్ముడి పెళ్ళి, తల్లి ఆపరేషన్, పదకొండో రోజు కర్మ, ఏదైనా సరే ఇదే ప్రశ్న. అత్యవసర పరిస్థితిలో త్వరగా అనుమతి అడిగే వీలు కొంత ఉందిగాని, దొరుకుతుందన్న హామీ లేదు. ఇంట్లో పెద్దవాళ్ళ ఆరోగ్యం బాగా లేనివారు ఈ దారి ఎంచుకునేముందు ఇది ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. అమ్మాయితో కూడా దాచకుండా మాట్లాడాలి.

రెండో కష్టం, పని చేయలేకపోవడం. ఉద్యోగ అనుమతి విడిగా అడగాలి, అది వచ్చేదాకా ఇంట్లో ఉండాలి.

మూడోది ఖర్చు. 2024 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన ఫీజుల ప్రకారం ఐ-130కి కాగితం మీద వేస్తే 675 డాలర్లు, ఆన్‌లైన్లో 625. ఐ-485కు 1,440. దానితోపాటు ఉద్యోగ అనుమతికి 260, ప్రయాణ అనుమతికి 630. అన్నీ కలిపితే 3,005 డాలర్లు. ఇక్కడినుంచి వెళితే ఐ-130 ఫీజు 675, వీసా ఫీజు 325, పోషణ హామీ పత్రాల పరిశీలనకు 120, వలస ఫీజు 235, మొత్తం 1,355 డాలర్లు. డాక్టరు పరీక్ష, వకీలు ఖర్చు రెండింటికీ అదనం. ఫీజులు మారుతుంటాయి కనుక అర్జీ వేసే రోజున వలస శాఖ సొంత వెబ్‌సైట్లో సరిచూసుకోవాలి.

అక్కడ అర్జీ వేసేవారు డాక్టరు పరీక్ష నివేదికను ఐ-485తోపాటే జతచేయాలి. 2024 డిసెంబర్ 2 నుంచి ఈ నియమం వచ్చింది. తర్వాత పంపుతామంటే అర్జీ తిప్పి పంపవచ్చు.

గడువు దాటితే

విజిటర్‌గా దిగినప్పుడు అధికారి సాధారణంగా ఆరు నెలల గడువు ఇస్తాడు. వీసా మీద పదేళ్ళని ఉన్నా సరే, ఉండవలసింది ఆ గడువు దాకానే. ఈ తేడా తెలియక దెబ్బతిన్నవారున్నారు. వీసా తలుపు తట్టడానికి పదేళ్ళ అనుమతి. లోపల ఎన్నాళ్ళు కూర్చోవాలో ఐ-94 అనే రికార్డు చెబుతుంది.

పౌరుడి భార్య గడువు దాటి ఉండిపోయినా అక్కడే ఐ-485 వేసుకునే వీలు చట్టంలో ఉంది. గ్రీన్‌కార్డుదారు భార్యకు, హెచ్-1బి భార్యకు ఈ వెసులుబాటు లేదు. పౌరుడి భార్య కూడా దీన్ని నమ్ముకుని నిర్లక్ష్యంగా ఉండకూడదు. కుటుంబ అర్జీ పెట్టినంత మాత్రాన, అది మంజూరైనంత మాత్రాన కూడా ఆ దేశంలో ఉండే హక్కు రాదనీ, గడువు దాటినవారిపై తొలగింపు చర్య మొదలుపెట్టవచ్చనీ అక్కడి వలస శాఖ 2025 ఆగస్టులో తన మార్గదర్శకాల్లో స్పష్టం చేసింది.

గడువు దాటి 180 రోజులకు మించి ఉండి, తర్వాత దేశం విడిచి వస్తే మూడేళ్ళ నిషేధం. ఏడాది, అంతకు మించి ఉండి వస్తే పదేళ్ళు. 1996లో చేసిన చట్టం ఇది. ఈ నిషేధం అమలయ్యేది దేశం విడిచి వచ్చినప్పుడు. అంటే గడువు దాటి ఉన్న అమ్మాయి తండ్రిని చూడాలని విమానమెక్కిందంటే, తిరిగి భర్త దగ్గరకు వెళ్ళే దారి అక్కడే మూసుకుపోయే ప్రమాదముంది.

పెళ్ళి తేదీకీ కార్డుకీ ముడి

గ్రీన్‌కార్డు క్యూలో ఉన్న అబ్బాయిల ఇళ్ళలో తరచు వినిపించే మాట, "కార్డు చేతికి రానివ్వండి, అప్పుడు పెళ్ళి పెట్టుకుందాం." వినడానికి బాగానే ఉంటుంది. చట్టం ప్రకారం మాత్రం ఇది తిరగబడుతుంది.

కార్డు మంజూరయ్యే తేదీకి ముందే పెళ్ళయి ఉంటే భార్యకు భర్త కోటాలోనే, అతని తేదీతోనే హక్కు వస్తుంది. వెంటనే వెళ్ళలేకపోయినా తర్వాత చేరుకోవచ్చు. మంజూరైన మర్నాడు పెళ్ళయితే ఆ హక్కు లేదు. అల్లుడు కొత్తగా ఐ-130 పెట్టాలి, గ్రీన్‌కార్డుదారుల భార్యల క్యూలో మొదటినుంచి నిలబడాలి. ఆ క్యూ కొన్నేళ్ళు సాగుతుంది. ఈలోగా అతను హెచ్-1బి వీసా వదిలి కార్డుదారు అయ్యాడు కనుక ఆమెకు హెచ్-4 కూడా ఉండదు. అటు కార్డు లేక, ఇటు వీసా లేక పెళ్ళయిన అమ్మాయి పుట్టింట్లోనే ఏళ్ళు గడపవలసి వస్తుంది. అతను పౌరుడయ్యాక గాని క్యూ తప్పదు. కార్డు వచ్చాక పౌరసత్వానికి మామూలుగా ఐదేళ్ళు.

కాబట్టి ముహూర్తం పెట్టేముందు పంచాంగంతోపాటు అబ్బాయి గ్రీన్‌కార్డు అర్జీ ఎక్కడిదాకా వచ్చిందో కూడా అడగాలి. కార్డు దగ్గరలో ఉందని తెలిస్తే ముందుగా రిజిస్ట్రారు దగ్గర చట్టబద్ధంగా పెళ్ళి నమోదు చేయించుకుని, పందిరి పెళ్ళి తర్వాత చేసుకునేవారున్నారు. రెండు కుటుంబాల పూర్తి సమ్మతి ఉంటేనే అది మంచిది. ఎందుకంటే నమోదైన నాటినుంచి చట్టం ముందు వాళ్ళు భార్యాభర్తలే.

ఇతర దేశాల సంగతి

ఒక దేశపు నియమం ఇంకో దేశానికి వర్తించదు. డాలస్ బంధువు చెప్పింది లండన్‌లో చెల్లదు.

బ్రిటన్‌లో ఎంపికే లేదు. విజిటర్‌గా వెళ్ళి అక్కడినుంచే భార్య వీసాకు మారడం కుదరదు. తిరిగి వచ్చి ఇక్కడినుంచే అర్జీ పెట్టాలి. అక్కడున్న భర్తకు లేదా భార్యకు ఏడాదికి 29,000 పౌండ్ల ఆదాయం ఉండాలని 2024 ఏప్రిల్ 11న నియమం తెచ్చారు. అంతకుముందు అది 18,600 పౌండ్లు. క్షయ పరీక్ష, ఇంగ్లీషు పరీక్ష ఇక్కడే పూర్తి చేసుకోవాలి.

కెనడాలో రెండు దారులూ తెరిచే ఉన్నాయి. అక్కడ కలిసి ఉంటూ వేసే అర్జీ ఒకటి, బయటినుంచి కుటుంబ వర్గంలో వేసేది ఒకటి. మన వాళ్ళలో చాలామందికి తెలియని సంగతి ఏమంటే, విజిటర్‌గా కెనడాలో ఉంటూనే కుటుంబ వర్గం కింద కూడా అర్జీ పెట్టవచ్చు. తేడా తిరస్కరించినప్పుడు తెలుస్తుంది. కుటుంబ వర్గం అర్జీని తిరస్కరిస్తే వలస అప్పీలు విభాగానికి వెళ్ళే హక్కుంది. దేశంలో ఉండి వేసే వర్గానికి ఆ హక్కు లేదు, ఫెడరల్ కోర్టు గడప ఎక్కాలి. పైగా ఆ వర్గంలో అర్జీ వేసి మధ్యలో ఇండియా వచ్చినప్పుడు తిరిగి రానివ్వకపోతే ఆ అర్జీ కూలిపోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ళ కోసం మధ్యలో రావలసి ఉంటుందనుకునేవారికి కుటుంబ వర్గమే నయం. చూడడానికి వెళ్ళాలనీ, ఎప్పటికైనా స్థిరపడాలనీ రెండు కోరికలూ ఒకేసారి ఉండవచ్చని కెనడా చట్టం ఒప్పుకుంటుంది. గడువులోగా తిరిగి వెళతామన్న నమ్మకం కలిగిస్తే చాలు.

ఆస్ట్రేలియాలో కూడా అక్కడినుంచి, ఇక్కడినుంచి వేర్వేరు వీసాలు. అయితే విజిటర్ వీసా మీద 8503 అనే షరతు వేసి ఉందేమో ముందు చూసుకోవాలి. ఆ అంకె ఉంటే ఇక్కడ ఉండగా వేరే వీసా అడగరాదని అర్థం. అది చూసుకోకుండా వెళ్ళి, అక్కడ అర్జీ పెట్టబోతే తీసుకోరు.

మన ఊళ్ళోనే సిద్ధం చేసుకోవలసినవి

ఏ దేశమైనా, ఏ దారైనా కాగితాలు మన ఊరినుంచే వెళ్ళాలి. అర్జీలు ఎక్కువగా ఆగేది వీటి దగ్గరే.

పెళ్ళి నమోదు మొదటిది. శుభలేఖ, ఫొటోలు చాలవు. హిందూ వివాహ చట్టం 1955 కింద సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో నమోదు చేయించి ధ్రువపత్రం తీసుకోవాలి. ప్రతి పెళ్ళినీ నమోదు చేయించాలని 2002లో రాష్ట్రంలో చట్టమే వచ్చింది. అల్లుడు ఊళ్ళో ఉండగానే, పెళ్ళయిన వారంలోనే ఈ పని ముగించుకోవాలి. అతను విమానమెక్కాక సంతకం కోసం మళ్ళీ రప్పించడం ఎంత ఖర్చో చెప్పనక్కరలేదు.

పుట్టిన తేదీ పత్రం రెండోది. తొలి కాన్పు పుట్టింట్లో చేయడం మన ఆచారం. పుట్టుక ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది. తల్లి పుట్టిల్లు నంద్యాల అయితే గిద్దలూరులో ఎంత వెతికినా రికార్డు దొరకదు. కొన్ని పత్రాల్లో బిడ్డ పేరు గడి ఖాళీగా ఉంటుంది, ఆ పేరు ఎక్కించుకోవాలి. అసలు నమోదే లేకపోతే లేదని ధ్రువపత్రం తీసుకుని, తెలిసిన పెద్దల ప్రమాణ పత్రాలు జతచేయాలి.

ఊరి పేరు, జిల్లా పేరు కూడా చూసుకోవాలి. 1970లో ఒంగోలు కేంద్రంగా జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. ఆ తర్వాత కూడా జిల్లాల హద్దులు మారుతూ వచ్చాయి. పెద్ద వయసువారి పాత కాగితంలో ఒక జిల్లా, పాస్‌పోర్టులో ఒక జిల్లా ఉంటే అధికారికి అర్థమయ్యేలా ఒక వివరణ జతచేయడం మంచిది.

పేరు మూడోది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, ఆధార్‌లో వేరే స్పెల్లింగు ఉంటుంది. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో రాసి ఇంకో గడి ఖాళీగా వదిలేస్తే, అమెరికా వీసా మీద పేరు స్థానంలో ఎఫ్.ఎన్.యు. అని పడుతుంది. మొదటి పేరు తెలియదని దాని అర్థం. అక్కడ బ్యాంకు ఖాతానుంచి డ్రైవింగ్ లైసెన్సు దాకా ఆ మూడక్షరాలూ వెంటాడతాయి. వీసాకు వెళ్ళకముందే పాస్‌పోర్టు సరిచేయించుకోవాలి.

పోలీసు ధ్రువపత్రం నాలుగోది. దీనికి పాస్‌పోర్టు కార్యాలయం ద్వారా అర్జీ పెట్టాలి.

పెళ్ళి నిజమైనదని చూపే ఆధారాలు ఐదోది. రెండు కుటుంబాలు కలిసి ఉన్న ఫొటోలు, ఫోను సంభాషణల రికార్డు, ప్రయాణ టిక్కెట్లు, పంపిన డబ్బు రసీదులు పారేయకుండా తేదీలవారీగా దాచుకోవాలి.

అమ్మాయికి రక్షణ

అమెరికాలో అల్లుడు అమ్మాయి పోషణకు ఐ-864 అనే హామీ పత్రం రాసివ్వాలి. ఆ దేశపు పేదరిక రేఖకు 125 శాతం ఆదాయం చూపాలి, లేకపోతే ఇంకొకరు తోడు హామీ ఉండాలి. ఈ హామీ ఉత్తుత్తిది కాదు, కోర్టులో చెల్లుతుంది. విడాకులైనా రద్దు కాదు. ఈ సంగతి ఆడపిల్లల తల్లిదండ్రులు తప్పక గుర్తుంచుకోవాలి.

కార్డు వచ్చేనాటికి పెళ్ళయి రెండేళ్ళు నిండకపోతే మొదట రెండేళ్ళ షరతు కార్డు ఇస్తారు. దొంగ పెళ్ళిళ్ళు అరికట్టడానికి 1986లో పెట్టిన నియమం ఇది. గడువు ముగిసే ముందు 90 రోజుల్లో భార్యాభర్తలు కలిసి ఐ-751 వేసి షరతు తీసేయించుకోవాలి. "నేను సంతకం పెట్టకపోతే నిన్ను వెనక్కి పంపేస్తారు" అని బెదిరించే భర్తలు ఉంటారు. అది పూర్తి నిజం కాదు. విడాకులైనా, హింస జరిగినా, పెళ్ళి నిజాయితీగా జరిగిందని చూపి ఆమె ఒక్కతే అర్జీ వేసుకోవచ్చు. పౌరుడైన భర్తగాని కార్డున్న భర్తగాని హింసిస్తే, అతని సాయం లేకుండా తానే కార్డుకు అర్జీ పెట్టుకునే హక్కు 1994 చట్టం ఇచ్చింది.

విదేశీ అల్లుడు పెళ్ళి చేసుకుని వదిలేసిన కేసులకు మన జాతీయ మహిళా కమిషన్‌లో 2009నుంచి ఒక ప్రత్యేక విభాగం ఉంది. అక్కడ ఫిర్యాదు చేయవచ్చు.

అమ్మాయి పాస్‌పోర్టు, పెళ్ళి పత్రం, పుట్టిన తేదీ పత్రం నకళ్ళు పుట్టింట్లో ఒక జత ఉంచాలి. అసలువి ఆమె చేతిలోనే ఉండాలి, అత్తింటివారి బీరువాలో కాదు.

ఏ దారి ఎవరికి

అల్లుడు పౌరుడై, కొత్త దంపతులు కొన్నాళ్ళు ఎడబాటు ఓర్చుకోగలిగి, ఇక్కడ పెద్దవాళ్ళను కనిపెట్టుకోవలసి ఉంటే ఇక్కడినుంచే అర్జీ పెట్టడం మేలు. ఖర్చు తక్కువ, వెళ్ళిన రోజే కార్డు హక్కు, చెప్పిన మాటకూ చేసిన పనికీ తేడా ఉండదు. స్థిరపడాలనే వెళుతున్నప్పుడు విజిటర్ వీసా అడగకూడదు.

నిజంగా చూసి రావడానికి వెళ్ళి, అక్కడ పరిస్థితి మారినవారికి అక్కడి అర్జీ దారి ఉంది. అది వేసేముందు ఒక లైసెన్సున్న వలస వకీలుతో మాట్లాడాలి. టైపు సెంటరు కుర్రవాడు, వీసా ఏజెంటు, వాట్సాప్ గ్రూపు వకీలుకు సాటిరావు. వకీలు ఫీజు భారమనిపించినా ఒక్కసారి గంట మాట్లాడితే పదేళ్ళ నష్టం తప్పుతుంది.

గ్రీన్‌కార్డు అల్లుడి భార్య, హెచ్-1బి అల్లుడి భార్య విజిటర్ గడువు ఒక్క రోజు కూడా దాటకూడదు. వారికి అక్కడ ఉండిపోయే వెసులుబాటు లేదు.

ఇవన్నీ అల్లుడొక్కడే తేల్చవలసిన విషయాలు కావు. నిశ్చితార్థం నాడే రెండు వైపుల పెద్దలు, అబ్బాయి, అమ్మాయి కూర్చుని హోదా ఏమిటి, అర్జీ ఎక్కడినుంచి, ఎంత కాలం, ఎంత ఖర్చు, మధ్యలో ఇంట్లో ఏదైనా జరిగితే అమ్మాయి రాగలదా అన్న ఐదు ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి. ఆ ఐదింటికీ సూటిగా జవాబు చెప్పలేని సంబంధమైతే లగ్న పత్రిక రాసేముందు మరికొన్నాళ్ళు ఆగడమే మంచిది.